పుట్టింటికి పసిబిడ్డ వచ్చేలోపు ఇల్లు సర్దుకోవడం

తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి రావడం మనవైపు ఆనవాయితీ. అంటే బిడ్డ వచ్చేది పాతికేళ్ళుగా చంటిపిల్లలు మసలని ఇంటికి. అక్కడ మందులు, అగ్గిపెట్టెలు, నీళ్ళ బకెట్లు అన్నీ పెద్దవాళ్ళ వీలుకి సర్ది ఉంటాయి. కొంత పని కాన్పుకి నెల ముందు చేసుకోవాలి, మిగతాది బిడ్డ పాకేలోపు.

మొదట బీరువా తెరవండి. పొత్తిగుడ్డలకని దాచిన పాత నేత చీరల మడతల్లో కలరా ఉండలు ఉంటాయి. ఆ నాఫ్తలీన్ గుడ్డకి పట్టేస్తుంది. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న పసిపిల్లలు ఆ ఆవిరి పీల్చితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం బిడ్డని చూస్తే తెలిసేది కాదు. ఉండలు తీసి పారేయండి. గుడ్డలు రెండుసార్లు ఉతికి, వాసన పోయేదాకా ఎండలో ఆరేయండి. ఎంత ఆరేసినా వాసన వదలని గుడ్డ మెత్తగా ఉన్నా సరే, బిడ్డకి వద్దు.

చీర ఉయ్యాల ఏడుపు మాన్పించడానికి మంచిదే, రాత్రి నిద్రకి మాత్రం కాదు. చీర మధ్యలో కుంగి బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలవని బిడ్డకి అలా ఆనితే ఊపిరి ఆడదు, ఏడ్చి మనల్ని లేపనూ లేదు. కాబట్టి పక్కన మనిషి ఉన్నంతసేపే ఊపాలి. ఫ్యాను కొక్కేనికి కట్టొద్దు. శ్లాబులో విడిగా ఉన్న కొక్కేనికి 25 కిలోల బియ్యం బస్తా ఒక పూట వేలాడదీసి చూశాకే ఉయ్యాల కట్టండి. నేలకి అడుగున్నర మించి ఎత్తు వద్దు. బిడ్డ బోర్లాపడటం మొదలెట్టిన రోజు విప్పేయాలి.

రాత్రికి గట్టి పరుపు, బిగుతుగా పరిచిన దుప్పటి, బిడ్డ వెల్లకిలా. దిండు, బొమ్మ, బొంత ఏవీ పక్కన ఉండకూడదు. ఆవాల దిండు దగ్గర పెద్దవాళ్ళతో మాట పడాల్సి వస్తుంది, పడండి. తల గుండ్రంగా రావాలంటే బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళెదుట రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి.

బెజవాడ కాలవల ఊరు, దోమతెర తప్పదు. బిడ్డ ఉన్న గదిలో కాయిల్ వెలిగించొద్దు. బాలింత తలకి సాంబ్రాణి వేరే గదిలో, కిటికీలు తీసి వేయండి. నిప్పులున్న గది మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు.

ఎండాకాలం కాన్పయితే పై అంతస్తు గది ఇవ్వకండి. పగలు కాగిన శ్లాబు రాత్రంతా వేడి దింపుతూనే ఉంటుంది. ఏసీ 25, 26 దగ్గర చాలు. కూలరైతే కిటికీ తెరిచి, గాలి బిడ్డకి సూటిగా తగలకుండా తిప్పండి. ఉక్కపోస్తోందా లేదా అన్నది మెడ వెనక తడిమితే తెలుస్తుంది, చేతులు పట్టుకుంటే కాదు. ఆరు నెలల్లోపు నీళ్ళు పట్టొద్దు, పాలే మరిన్నిసార్లు ఇవ్వాలి.

ఇనప బాడీ కూలర్లతో షాకు భయం కూడా ఉంది, తడి నేలమీద పాకే బిడ్డకి మరీను. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించండి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి. కరెంటు పోకపోతే అది పనిచేయనట్టే.

పాకేలోపు ఒకసారి మీరే మోకాళ్ళమీద ఇల్లంతా తిరగండి. పూజగదిలో కింది అరలో కర్పూరం డబ్బా కనిపిస్తుంది, పక్కనే పటికబెల్లం. బిడ్డకి రెండూ ఒకటే. కర్పూరం కొద్దిగా మింగినా నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. టీవీ పక్కన తాతయ్య మందుల డబ్బా ఉంటుంది. కొన్ని రకాల షుగర్ బిళ్ళలు ఒక్కటి మింగినా చాలు, రక్తంలో చక్కెర పడిపోతుంది. గంటల తర్వాత కూడా పడొచ్చు, అందుకే ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉంచకూడదు. రిమోట్లో బటన్ బ్యాటరీ ఉంటే మూతకి టేపు చుట్టండి. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

కుళాయి వచ్చినప్పుడు పట్టుకున్న బకెట్లకి మూతలుండాలి, ఖాళీవి బోర్లించాలి. తల బరువుకి లోపలికి ఒరిగిన బిడ్డ తిరిగి లేవలేదు, బెత్తెడు నీళ్ళు చాలు. బాత్రూం తలుపుకి బయటివైపు, మీ భుజం ఎత్తులో గడియ వేయించండి. బాల్కనీ గ్రిల్ సందు 10 సెంటీమీటర్లు దాటితే నైలాన్ వల కట్టండి. కుర్చీలు, మొక్కల కుండీలు గ్రిల్‌కి దూరంగా జరపండి.

యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్ మింగితే వాంతి చేయించొద్దు. గొంతులో వేలు పెట్టడం, ఉప్పునీళ్ళు తాగించడం రెండూ తప్పే. లోపలికి పోతూ ఒకసారి కాల్చింది పైకొస్తూ మళ్ళీ కాలుస్తుంది, కిరోసినైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా వెంట తీసుకెళ్ళండి.