ఇచిలంగ ములిలో: కాబోయే అల్లుడికి నిప్పు చూపించే వేడుకను జరిపే పద్ధతి

జాంబియా ఉత్తర ప్రాంతంలోని బెంబా కుటుంబాల సంప్రదాయం ప్రకారం, పెళ్ళి కుదిరిన అబ్బాయి అత్తవారింటికి వెళ్ళినా అక్కడ మెతుకు ముట్టకూడదు. ఆ కట్టుబాటును ఎత్తివేసే వేడుక ఇచిలంగ ములిలో. బెంబా భాషలో 'ఉకులంగ' అంటే చూపించడం, 'ఉములిలో' అంటే నిప్పు. తమ పొయ్యి మీద ఏమేమి ఉడుకుతాయో, ఇకమీదట అతనికి ఏమేమి వండి పెడతారో అమ్మాయి తరఫు ఆడవాళ్ళు కుండలు నెత్తిన పెట్టుకుని అబ్బాయి ఇంటికే వచ్చి చూపిస్తారు. కాసామా పరిసరాల పల్లెల నుంచి ఈ ఆచారం రాగి గనుల పట్టణాలకూ రాజధాని లుసాకాకూ వలస వచ్చిన వారితో పాటు చేరింది, ఇప్పుడు బెంబాలు కాని వారు కూడా జరుపుకుంటున్నారు. జాంబియాలో ఉంటున్న తెలుగువారిని స్నేహితులు ఈ వంటలో సాయానికి పిలిస్తే, ముందుగా తెలుసుకోవలసినవి ఇక్కడ రాస్తున్నాను.

మొదట పేరు విషయంలో పొరపాటు పడకూడదు. పట్నాల్లో చాలామంది దీన్ని అమాతెబెతో అంటున్నారు. పాత పద్ధతిలో అమాతెబెతో అంటే పెళ్ళయి కొన్నేళ్ళు గడిచాక, భార్యను బాగా చూసుకున్న అల్లుడిని గౌరవించడానికి అత్తవారు చేసే పెద్ద విందు. ఇచిలంగ ములిలో పెళ్ళికి ముందు జరిగేది. రెండింటినీ కలిపేస్తే అల్లుడు తన నడవడితో సంపాదించుకోవలసిన గౌరవాన్ని ముందే ఇచ్చేసినట్టవుతుందని పెద్దవాళ్ళు బాధపడతారు. వారి బాధలో న్యాయం ఉందని నేను నమ్ముతాను.

రోజు నిర్ణయించే పని షిబుకొంబెది. పెళ్ళి మాటలు మొదలైన నాటి నుంచి రెండు ఇళ్ళ మధ్య తిరిగే మధ్యవర్తిని అలా పిలుస్తారు. మాట ఖాయమైనట్టు గుర్తుగా అబ్బాయి తరఫున ఇచ్చే ఇన్సలాము అందాక, అబ్బాయి వాళ్ళు చెల్లించవలసిన ఇంపాంగో అనే కన్యాశుల్కం సంగతి తేలాక, ఎందరు వస్తారో, ఏ పూటకు వస్తారో ఆయన ద్వారానే కబురు వెళ్ళాలి. అబ్బాయి వాళ్ళు చేయవలసినవి కొద్దిపాటి పనులే: గది ఖాళీ చేసి చాపలు పరచడం, చిన్న క్వాచా నోట్లు తగినన్ని సిద్ధం చేసుకోవడం, మాట్లాడడానికి ఒక పెద్దమనిషిని నియమించుకోవడం.

భారమంతా వంట మీద ఉంటుంది. ఆ వంటను అమ్మాయి మేనత్తలు, అమ్మమ్మలు, పెళ్ళికూతురికి సంసారం నేర్పే గురువైన నాచింబూస కలిసి నడిపిస్తారు. ముందు రోజే మొదలుపెట్టవలసింది మున్కోయో. మొక్కజొన్న పిండిని జావగా కాచి, గోరువెచ్చగా చల్లారాక నలగ్గొట్టిన మున్కోయో మొక్క వేళ్ళను అందులో నానబెడితే, రాత్రికి రాత్రి ఆ జావ పలచబడి పుల్లని తీపి పానీయం అవుతుంది. వేళ్ళు ఆలస్యంగా వేసిన ఒక ఇంట్లో మరునాటికి కూడా అది చిక్కటి జావగానే ఉండిపోవడం, ఆ ఇంటి పెద్దావిడ కుండ వైపు చూసి మౌనంగా కూర్చోవడం నాకు ఇంకా గుర్తుంది.

ఉబ్వాలి అనే పిండి ముద్ద లేనిదే భోజనం లేదు. ఇప్పుడు మొక్కజొన్న పిండితో చేస్తున్నా, ఈ రోజున రాగి పిండితో చేసిన ముద్ద కూడా ఒకటి ఉంటే పెద్దలు సంతోషిస్తారు. చూడగానే మన రాయలసీమ సంకటి గుర్తుకు వస్తుంది. రాగులు మనకు వచ్చింది తూర్పు ఆఫ్రికా మెట్ట నేలల నుంచే కనుక ఆ పోలికలో ఆశ్చర్యం లేదు. కూరల్లో తప్పనిసరిది ఇఫిసాషి. ఆరుగురికి రెండు కప్పుల పచ్చి వేరుశనగ గింజలను మెత్తగా దంచి, మూడు కప్పుల నీళ్ళలో ఉల్లిపాయ, టమాటా, ఉప్పుతో కలిపి ఉడికించాలి. పొంగు వచ్చాక కిలో గుమ్మడి ఆకు తరిగి వేసి, సన్నని సెగ మీద మధ్యమధ్యన కలుపుతూ, పచ్చి వాసన పోయి నూనె అంచుల్లో తేలేదాకా ఉంచాలి. గుమ్మడి ఆకు కాడల మీది పీచు ముందే లాగేయకపోతే నోటికి గరగరలాడుతుంది.

చికండా అడవి ఆర్కిడ్ దుంపలతో చేసే వంట. ఎండబెట్టి దంచిన దుంపల పొడిని, దాదాపు అంతే వేరుశనగ పొడిని, ఉప్పు, కారం, కొద్దిగా వంట సోడాతో కలిపి మరిగే నీళ్ళలో హల్వాలా దగ్గరపడేదాకా కలియబెడతారు. తరువాత మూత మీద నిప్పులు పోసి పైభాగం ఎర్రబడనిస్తారు. చల్లారాక కత్తితో కోస్తే ముక్క విరగకుండా రావాలి. ఇవి కాక ఇఫిన్కుబాల అనే ఎండు గొంగళిపురుగుల వేపుడు, టాంగన్యికా సరస్సు నుంచి వచ్చే కపెంటా చిన్నచేపలు, చిక్కుడు గింజలు ఉంటాయి. గొంగళిపురుగులు అనగానే ముఖం తిప్పుకోవద్దు. అడవి పెట్టిన ఈ తిండిని అల్లుడికి చూపించడం ఆ ఇంటికి గర్వకారణం. నాటుకోడిని మాత్రం ఏ భాగమూ తగ్గకుండా పూర్తిగా పెట్టాలి. కందనకాయ ఆచారం ప్రకారం ఇంటి యజమాని వాటా కాబట్టి అది కుండలో ఉందో లేదో మూత వేసే ముందు మరోసారి చూసుకోవాలి.

కుండలను చితెంగె వస్త్రాల్లో మూటగట్టి, డప్పులతో, పాటలతో బయలుదేరుతారు. గుమ్మం దగ్గర ఆగి, అబ్బాయి తరఫువారు పళ్ళెంలో నోటు పెట్టేదాకా అడుగు లోపల పెట్టరు. లోపలికి మోకాళ్ళ మీద నడుస్తూ వచ్చి, పెద్దావిడలు నేల మీద వెల్లకిలా పడుకుని, పక్కలకు దొర్లుతూ చప్పట్లు కొడతారు. ఉకుతోతెల అనే ఈ నమస్కారం బెంబాల్లో అత్యున్నత గౌరవానికి గుర్తు. ఆ సమయంలో నవ్వడం, ఫోన్లు పట్టుకుని మీదకు వెళ్ళడం చేయకూడదు.

తరువాతి ఘట్టం నాచింబూసది. ఆమె ఒక్కొక్క కుండ దగ్గర ఆడుతూ మూట విప్పి, మూత ఎత్తి, ఆ వంట పేరు, దాన్ని ఎలా తినాలో అబ్బాయికి చెబుతుంది. ప్రతి మూతకూ పళ్ళెంలో నోట్లు పడతాయి. అవి చాలకపోతే మూత మళ్ళీ మూసుకుంటుంది. ఈ బేరం వేడుకలో భాగమే కనుక అబ్బాయి వాళ్ళు విసుక్కోకూడదు, అలాగని మొదటి కుండకే నోట్లన్నీ కుమ్మరించకూడదు. చివరి కుండ తెరిచాక అబ్బాయి చేతులు కడిగి రుచి చూపిస్తారు. మిగిలిన వంట అతని బంధువులు, స్నేహితులు పంచుకుంటారు. కడిగిన కుండలను తిప్పి పంపేటప్పుడు వాటిలో డబ్బో కానుకో ఉంచి షిబుకొంబెకు అప్పగిస్తే, ఆ తరువాత అబ్బాయి అత్తవారింటికి వెళ్ళినప్పుడు అతని ముందు కూడా పళ్ళెం పెడతారు.