రోజూ వీడియో పెట్టలేక అలసిపోయారా? తిరుపతి యూట్యూబర్లకు నాలుగు వారాల పని

తిరుపతిలో ఛానెల్ నడిపేవారికి తీరిక దొరకదు. కొండపై రద్దీ పూటపూటకీ మారుతుంది. నెలనెలా దర్శనం టికెట్లు విడుదలవుతాయి. మేలో గంగమ్మ జాతర, ఆ వెనకే మామిడి కాలం, దసరాకు బ్రహ్మోత్సవాలు, తర్వాత వైకుంఠ ఏకాదశి. ఒక్కరోజు ఆగితే వెనకబడిపోతామన్న భయం ఇక్కడే పుడుతుంది.

ఇది మామూలు అలసటా, బర్న్‌అవుటా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌కు మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి అయిపోవడం, చేసే పనిమీద విరక్తి, ఎంత చేసినా ఏమీ సాధించడం లేదన్న భావన. రెండు రోజులు కంటినిండా నిద్రపోతే తేరుకుంటున్నారంటే అది అలసటే. నిద్ర, ఆకలి చెడి రెండు వారాలు దాటితే మాత్రం ఛానెల్ సంగతి తర్వాత, ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మొదటి వారం ఏమీ మార్చకండి. ఒక నోటుపుస్తకంలో గంటలు మాత్రం రాయండి: ప్రయాణం, షూటింగ్, ఎడిటింగ్, థంబ్‌నెయిల్, కామెంట్లు. వ్యూస్ ఎంతయ్యాయో చూసుకునే సమయం కూడా. చాలామంది ఇది రాయరు. రోజుకు పదిసార్లు, సారికి 5 నిమిషాలు చూసినా వారానికి దాదాపు 6 గంటలు పోతాయి.

వారం చివర పాత వీడియోలు ఓ పది తీసుకుని, ఒక్కోదానికి మొదటి 90 రోజుల్లో వచ్చిన డబ్బును పట్టిన గంటలతో భాగించండి. కచ్చితంగా గుర్తులేకపోతే ఉజ్జాయింపు చాలు. రద్దీ వీడియోకు 14 గంటలు పట్టి 1,400 రూపాయలు వచ్చాయనుకోండి, గంటకు 100. అలిపిరి మెట్లెక్కేవారికి సూచనలు చెప్పే వీడియో 5 గంటల్లో అయిపోయి 900 తెస్తే గంటకు 180. వ్యూస్‌లో మొదటిదే గెలిచినట్టు కనిపిస్తుంది. మనిషిని పిండేసేది కూడా అదే.

రెండో వారం వీడియోలను రోటి పచ్చడి, నిలవ పచ్చడి అని విడదీయండి. రద్దీ, టికెట్ల కబురు ఆ పూటకే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. ఇవి వచ్చే ఏడాదీ మారవు. కాణిపాకం, చంద్రగిరి కోట కూడా నిలవ సరుకే. అయితే వార్తలు ఒక్కసారిగా మానేయొద్దు. సబ్‌స్క్రైబర్లు వార్తల కోసమే చేరారు కాబట్టి కొత్త రకం వీడియోను నొక్కరు, వ్యూస్ పడిపోతాయి, బెదిరిపోయి మళ్లీ పాత దారికే వస్తారు. వారానికి ఒక్క వార్తా వీడియో చొప్పున తగ్గించుకుంటూ రండి.

మూడో వారం ఒకే ప్రయాణంలో మూడు వీడియోలు తీయడం అలవాటు చేసుకోండి. శ్రీనివాస మంగాపురం, దానికి దగ్గరలోనే శ్రీవారి మెట్టు మొదలయ్యే చోటు, కాస్త ముందుకెళితే చంద్రగిరి కోట. తెల్లవారుజామునే బయల్దేరితే మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. వాటిని వారానికొకటి చొప్పున షెడ్యూల్ చేసి రెండు వారాలు కెమెరా పక్కన పెట్టండి. భయం అక్కర్లేదు. యూట్యూబ్ నిబంధన ప్రకారం, వీడియో గానీ పోస్టు గానీ లేకుండా 6 నెలలు దాటితేనే మానిటైజేషన్ (వీడియోలపై డబ్బు సంపాదించే వీలు) తీసేసే అవకాశం ఉంటుంది. విరామానికి మంచి అదను వైకుంఠ ఏకాదశి ముగిశాక, జనవరిలో. ఏడాది చివరితో పోలిస్తే అప్పుడు ప్రకటనల రేట్లు సాధారణంగా తగ్గుతాయి.

కామెంట్లకు సాయంత్రం 20 నిమిషాలు, అంతే. యూట్యూబ్ స్టూడియో యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. తిట్లను బ్లాక్ చేసే పదాల జాబితాలో పెట్టండి. ‘అన్నా, దర్శనం ఇప్పిస్తారా’ అని అడిగేవారికి ఒకటే జవాబు: టికెట్ల వివరాలు టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోమని రాసి పిన్ చేయండి. ఒక్కరికి సాయం చేయబోతే మర్నాడు వందమంది అడుగుతారు, ఆ భారం మోయలేరు.

నాలుగో వారం గెలుపుకు కొత్త కొలత పెట్టుకోండి: గంటకు ఎంత వచ్చింది, పాత ప్రేక్షకులు ఎంతమంది తిరిగొచ్చారు, నెలలో పూర్తి సెలవు రోజులు ఎన్ని. ఈ మూడూ నెలకోసారి ఒకే పేజీలో రాయండి. మూడోది నాలుగు కంటే తగ్గితే మిగతా రెండూ పెరిగినా ఆ నెలను మంచి నెలగా లెక్కించకండి. జాతర వారంలో ఈ లెక్క ఎలాగూ తప్పుతుంది. అందుకే ఆ వారం రోజూ వీడియో, తర్వాతి వారం ఒక్కటీ లేదని ఏప్రిల్‌లోనే క్యాలెండర్‌పై రాసిపెట్టుకోండి.