పాత ఆర్‌ఎక్స్ 100కి ముందు డిస్క్ బ్రేక్ వేయడం ఎలా?

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వచ్చే ఘాట్ రోడ్డు మా వైపు బండ్లకు పరీక్ష. ఎక్కేటప్పుడు ఇంజన్ సంగతి బయటపడుతుంది, దిగేటప్పుడు బ్రేకు సంగతి. 1985లో మన దేశంలో మొదలై 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 ఎక్కడంలో ఇవాళ్టి బండ్లకు కూడా తీసిపోదు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, నూరు కిలోలకు కాస్త అటూ ఇటూ బరువు. దిగడం మొదలుపెట్టాకే దాని వయసు తెలుస్తుంది. టూ స్ట్రోక్ కాబట్టి గేర్లో దింపినా ఇంజన్ పెద్దగా పట్టదు. భారమంతా బ్రేకు మీదే. నాలుగు మలుపులు వరసగా నొక్కితే డ్రమ్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూలకు దూరం జరుగుతుంది, లీవర్ లోపలికి పోతుంది గానీ బండి ఆగదు.

అందుకే రేసుకు పాత బండి తయారు చేసుకునేవాళ్ళు ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్క్ వేయిస్తారు. జయపురంలో మా షెడ్డుకు ఇలాంటివి చాలా వస్తాయి. వాటిలో సగం కొత్తగా వేయమని కాదు, వేరేచోట వేసింది సరిచేయమని వస్తాయి. సామాను బాగానే ఉంటుంది. పని దగ్గరే తప్పు జరుగుతుంది.

రోడ్డు మీద తిప్పే బండి అయితే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ట్రాకు మీదే తిరిగే బండికి ఆ గొడవ లేదు.

కావలసినవి చెప్పేస్తాను. డిస్కు ఉన్న ముందు చక్రం, ఫోర్కులు, క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగం), మాస్టర్ సిలిండర్ (లీవర్ దగ్గర ఆయిల్‌ను తోసే భాగం), స్పీడోమీటర్ గేరు. ఇవన్నీ ఒకే దాత బండివి, అంటే సామాను విప్పి తెచ్చుకునే డిస్కు బండివి, కావాలి. ఒకదాని ఫోర్కు, ఇంకోదాని క్యాలిపర్, మూడోదాని లీవర్ ఏరుకొచ్చి కలపొద్దు. స్టీలు అల్లిక ఉన్న కొత్త హోసు, కొత్త రాగి వాషర్లు, కొత్త ప్యాడ్లు, సీలు తీయని డాట్ 4 బ్రేక్ ఆయిల్ డబ్బా, 50 ఎంఎల్ సిరంజీలు రెండు, సన్నని పారదర్శకమైన గొట్టం, 8 నంబరు రింగు పానా, బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచి.

ముందు చక్రం, ఫోర్కులు, పాత డ్రమ్ కేబులు విప్పేయండి. గంట పని. కొత్త ఫోర్కు గొట్టాల మందం వెర్నియర్‌తో కొలిచి, ఫోర్కు గొట్టాలను పైన పట్టి ఉంచే పాత టీలో కూర్చోకపోతే దాత బండి టీ కూడా తెచ్చుకోండి. టీ మధ్యలో ఉండే స్టెమ్ కడ్డీ పొడవు, బేరింగ్ సైజు తేడా వస్తే లేత్ మీద సరిచేయించాలి. సునాబెడలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉండటంతో మా జిల్లాలో చేయి తిరిగిన లేత్ పనివాళ్ళకు కొదవ లేదు. పాత స్పీడోమీటర్ గేరు డ్రమ్ ప్లేటులోనే ఉంటుంది, ప్లేటుతో పాటు అదీ పోతుంది. అందుకే దాత బండిది అడిగాను.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. పాత ఫోర్కు కాలుకి క్యాలిపర్ పట్టీ వెల్డింగ్ చేయించకండి. ఆ కాలు అల్యూమినియం పోత. వెల్డింగ్ వేడికి దాని బలం తగ్గుతుంది, పైకి మాత్రం నున్నగా మెరుస్తూ కనిపిస్తుంది. బ్రేకు నొక్కినప్పుడు చక్రం తిప్పే బలమంతా ఆ పట్టీ మీదే పడుతుంది. ఖర్చు తగ్గుతుందని అలా చేయించుకుని వచ్చిన బండ్లను నేను విప్పకుండా వెనక్కి పంపను.

మాస్టర్ సిలిండర్ సంగతి చాలామంది పట్టించుకోరు. పెద్దది వేస్తే బ్రేకు గట్టిగా పడుతుందనుకుంటారు. లెక్క తిరగేసి ఉంటుంది. క్యాలిపర్‌లో 25.4 ఎంఎం పిస్టన్లు రెండు, మాస్టర్ సిలిండర్ 12.7 ఎంఎం అనుకోండి. వైశాల్యాల నిష్పత్తి 8. మాస్టర్ పిస్టన్ మీద పడే 10 కిలోల ఒత్తిడి క్యాలిపర్ దగ్గర 80 అవుతుంది. అదే 15.875 ఎంఎం సిలిండర్ వేస్తే నిష్పత్తి 5.12, కాబట్టి 51 దగ్గరే ఆగిపోతుంది. లీవర్ రాయిలా ఉంటుంది, బండి మాత్రం ఆగదు. సామానంతా ఒకే బండిది ఉండాలని అందుకే అంటున్నాను. ఆ లెక్క తయారుచేసిన కంపెనీ ఎప్పుడో వేసి పెట్టింది.

హోసు కొలిచేటప్పుడు ఫోర్కు పూర్తిగా కిందికి సాగాలి, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిరగాలి. ఎక్కడా లాగకూడదు, టైరుకు తగలకూడదు. రెండు చివర్లా హోసును బిగించే బెంజో బోల్టుకి (మధ్యలో ఆయిల్ పోయే రంధ్రం ఉన్న బోల్టు) అటొకటి ఇటొకటి రాగి వాషర్ వేసి, 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య బిగించండి. పాత వాషర్లు ఒకసారి నలిగాయంటే పనికిరావు.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

అసలు పని గాలి తీయడం. ఆయిల్ నొక్కుడుకు తగ్గదు, గాలి తగ్గుతుంది. హోసులో శనగగింజంత బుడగ మిగిలినా మీ వేళ్ళ బలం ఆ బుడగను నొక్కడానికే పోతుంది. షెడ్డు ముందు నొక్కి చూస్తే పర్వాలేదనిపిస్తుంది. ఘాట్‌లో తేడా బయటపడుతుంది. ఇది నాకు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. నేను పని నేర్చుకోని రోజుల్లో నా బండికి డిస్క్ ఒకచోట వేయించుకున్నాను. లీవర్ కొంచెం మెత్తగా ఉందంటే, తిరిగితే సర్దుకుంటుందన్నారు. సుంకి దిగుతూ ఆరో మలుపో ఏడో మలుపో, లీవర్ వచ్చి హ్యాండిల్ గ్రిప్పుకి తగిలింది. వెనక డ్రమ్ తొక్కిపట్టి, కొండ వైపు మట్టి గట్టుకి ఒరిపించి ఆపాను. విప్పి చూస్తే ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. వాళ్ళు క్యాలిపర్‌ను పెట్రోల్‌తో కడిగారు, రబ్బరు సీళ్ళు ఉబ్బి ఉన్నాయి.

కాబట్టి మొదటి జాగ్రత్త, లోపలి భాగాలకు పెట్రోల్, కిరసనాయిల్, ఇంజన్ ఆయిల్ తగలనివ్వకండి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ రకం, డాట్ 5 సిలికాన్ రకం, వాటిని కలపకూడదు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. మా కోరాపుట్ వానల్లో మూత తీసి వారం ఉంచిన డబ్బా నేను వాడను. బ్రేక్ ఆయిల్ పెట్రోల్ ట్యాంకు మీద పడితే పెయింటు లేస్తుంది, ముందే తడిగుడ్డ కప్పుకోండి.

నిపుల్, అంటే గాలి బయటికి వదిలే చిన్న బోల్టు, క్యాలిపర్ పైభాగంలో ఉండాలి. క్యాలిపర్‌ను రెండో వైపు ఫోర్కుకు తిప్పి బిగిస్తే నిపుల్ కిందికి వెళ్ళిపోతుంది. గాలి పైన ఇరుక్కుంటుంది, మీరు సాయంత్రం దాకా నొక్కినా రాదు. అలా ఉంటే క్యాలిపర్ బోల్టులు విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందం చెక్కముక్క పెట్టి, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని గాలి తీయాలి. చెక్క పెట్టకుండా లీవర్ నొక్కారా, పిస్టన్లు ఊడి చేతిలోకొస్తాయి.

హోసు ఎక్కడా మాస్టర్ సిలిండర్ కన్నా ఎత్తుకు లేచి మళ్ళీ దిగకూడదు. ఆ వంపులో గాలి కూర్చుంటుంది. అవసరమైతే హ్యాండిల్ తిప్పి, సిలిండర్ పట్టీ వదులు చేసి దారి సరిచేసుకోండి.

చాలామంది పైనుంచి పోసి, లీవర్ నొక్కుతూ కింద నిపుల్ వదులుతారు. ఖాళీ హోసుకి అది తప్పు పద్ధతి. గాలి పైకి పోవాలనుకుంటుంది, మీరు కిందికి తోస్తున్నారు. నేను కింది నుంచి పైకి పంపుతాను. పైన మాస్టర్ సిలిండర్ మీదుండే ఆయిల్ డబ్బాలో అడుగున కొంచెం ఆయిల్ ఉంచండి. సిరంజిలో ఆయిల్ నింపి, గొట్టం చివర చుక్క వచ్చేదాకా తోసి, గొట్టంలో గాలి లేకుండా చూసుకోండి. దాన్ని నిపుల్‌కు తగిలించి, అర చుట్టు వదిలి, మెల్లగా తోయండి. తొందరపడితే నురగ వస్తుంది, నురగ తీయడం ఇంకా కష్టం. పైన డబ్బా అడుగునున్న సన్నని రంధ్రంలోంచి బుడగలు వస్తాయి. ముందు వేలి గోరంత, తర్వాత ఆవగింజంత, చివరికి ఏమీ రావు. డబ్బా పొంగకుండా రెండో సిరంజితో పైది తోడేయండి. హోసు మీద పానా కర్రతో టకటక కొడుతూ ఉంటే అంటుకున్న బుడగలు కదులుతాయి. నిపుల్ బిగించండి.

ఇప్పుడు పైనుంచి పది పన్నెండు సార్లు. ఒకరు లీవర్ దగ్గర, ఒకరు నిపుల్ దగ్గర. లీవర్ నొక్కి పట్టాలి, నిపుల్ వదలాలి, మళ్ళీ బిగించాలి, ఆ తర్వాతే లీవర్ వదలాలి. నాకు సాయం చేసే ఒడియా కుర్రాడికి ‘ధర’ అంటే పట్టుకోవడం, ‘ఛాడ’ అంటే వదలడం. ఒకరోజు నేను నిపుల్ వదులు చేస్తూ ‘ఛాడ’ అన్నాను, వాడు లీవరే వదిలేశాడు. గుర్రుమంటూ గాలి వెనక్కి పోయింది. పని మళ్ళీ మొదటి నుంచి. అప్పటినుంచి లీవరుకు వేరే మాట, నిపుల్‌కు వేరే మాట పెట్టుకున్నాం. డబ్బాలో ఆయిల్ సగం కన్నా తగ్గకుండా చూసే బాధ్యత మాత్రం నాదే.

ఆ తర్వాత లీవర్ నొక్కి పట్టి, మాస్టర్ సిలిండర్ దగ్గరి బెంజో బోల్టు పావు చుట్టు వదిలి, గుడ్డ అడ్డుపెట్టి, వెంటనే బిగించండి. ‘చిస్’ మని చిన్న శబ్దం వస్తుంది. అక్కడ ఎప్పుడూ ఒక బుడగ మిగిలే ఉంటుంది. ఈ పని మానేసినవాళ్ళే లీవర్ మెత్తగా ఉందని నా దగ్గరకు వస్తారు. రాత్రికి లీవర్‌ను రబ్బరు పట్టీతో గ్రిప్పుకి బిగించి వదిలేయండి, ఉదయానికి ఇంకా గట్టిపడుతుంది.

పరీక్ష సులువు. మొదటి నొక్కుడుకే లీవర్ గట్టిగా నిలవాలి. రెండుమూడు సార్లు నొక్కితేనే గట్టిపడుతుంటే గాలి ఉంది. నొక్కి ఒక నిమిషం పట్టుకుంటే మెల్లగా జారిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా సీలు పోయింది. ఈ రెంటిలో ఏది ఉన్నా బండి షెడ్డులోంచి కదలొద్దు.

డిస్కును బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ఆయిల్ తగిలిన ప్యాడ్లను కాల్చి వాడేవాళ్ళున్నారు. పారేయండి. ఖాళీగా, సమంగా ఉన్న రోడ్డు మీద 40 నుంచి 10 దాకా వేగం తగ్గిస్తూ ముప్ఫై సార్లు నొక్కండి, పూర్తిగా ఆపకండి. మధ్యలో చల్లారనివ్వండి. ఘాట్ ఆ తర్వాతే. నూరు కిలోమీటర్లకు బెంజో, క్యాలిపర్ బోల్టులు మళ్ళీ రెంచి పెట్టి చూడండి. ఆయిల్‌ను మామూలుగా రెండేళ్ళకోసారి మార్చమంటారు. మా వైపు ఏటా వానలు వెనకబడగానే మార్చేయండి.