నల్లని ముఖం, పొడవాటి మెడ: సిమిల్ దారిలో మన ఆడవాళ్ళ బొమ్మ వేయడం ఎలా

మా విజయనగరంలో ఎవరైనా బొమ్మ వేయించుకోవడానికి వస్తే ముందు చెప్పే మాట ఒకటే, "కొంచెం తెల్లగా వేయండి". ఫొటోలో అమ్మాయి చామనఛాయలో కళగా ఉంటుంది, బొమ్మలో మాత్రం గులాబీ రంగు కావాలంటారు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. అందుకే కరీబియన్ దేశం హైతీకి చెందిన చిత్రకారుడు సిమిల్ బొమ్మల గురించి, ఆ దారిలో మన ఇంట్లో ఆడవాళ్ళ బొమ్మ ఎలా వేయాలో రాస్తున్నాను.

సిమిల్ అసలు పేరు ఎమిల్‌కార్ సిమిలియెన్. 1944లో సెయింట్ మార్క్ అనే ఊళ్ళో పుట్టాడు. హైతీ పెయింటింగ్ అంటే చాలామందికి గుర్తొచ్చే ఎక్తోర్ ఇపోలిత్‌ది కూడా అదే ఊరు, ఆయన కోడి ఈకలతో కూడా రంగులు వేసేవాడట. సిమిల్ దారి వేరు. ఆయనకి పేరు తెచ్చినవి ఆడవాళ్ళ పోర్ట్రెయిట్లు, ఉన్నది ఉన్నట్టు కాకుండా గీతని సాగదీసి, అలంకరణతో నింపి వేసినవి. బెర్నార్ సెజూర్నే, జాన్ రెనె జెరోమ్, సిమిల్, ఈ ముగ్గురినీ కలిపి హైతీలో సౌందర్య శైలి వాళ్ళని అంటారు. నేను వీళ్ళ దగ్గర నేర్చుకున్నది రెండు విషయాలు. నలుపుని నలుపుగానే, అందంగా వేయొచ్చు. అలంకరణ ఎంత ఎక్కువైతే ముఖం అంత నిశ్శబ్దంగా ఉండాలి.

సామాన్లు ఎక్కువ అక్కర్లేదు. 12 బై 16 అంగుళాల కాన్వాస్ బోర్డు, అక్రిలిక్ రంగులు, 0, 2, 6 నంబర్ల రౌండ్ బ్రష్‌లు, ఒక అంగుళం ఫ్లాట్ బ్రష్, 2బి పెన్సిల్. గంటస్తంభం చుట్టుపక్కల స్టేషనరీ షాపుల్లో అడిగి చూడండి. రంగుల్లో బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), యెల్లో ఆకర్ (మట్టి పసుపు), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం) తప్పకుండా ఉండాలి. నల్ల రంగు ట్యూబు మాత్రం కొనకండి, ఎందుకో కింద చెప్తాను.

ఎవరి బొమ్మ వేయాలి? హైతీ స్త్రీ బొమ్మని చూసి కాపీ కొట్టకండి, అందులో మీకు తెలిసిన మనిషి ఉండదు. పొడవాటి మెడా ఆ ప్రశాంతతా అక్కడి నుంచి తీసుకోండి, ముఖం మాత్రం మీ అమ్మదో పిన్నిదో, పొద్దున్నే గంపలో కూరలు తెచ్చే ఆవిడదో పెట్టుకోండి, ఆవిడనైతే ముందు అడిగి. సిరిమానోత్సవం రోజు పైడితల్లి గుడి దగ్గర గంటసేపు నిలబడితే చాలు, పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళ ముఖాలు, ముక్కుపుడకలు, కొప్పులో పూలు ఎన్ని రకాలో కనిపిస్తాయి. స్కెచ్ పుస్తకం పట్టుకెళ్ళండి.

ఇక గీత. ముఖం ముప్పావు వంతు పక్కకి తిరిగి ఉంటే ఈ శైలికి బాగా కుదురుతుంది. మామూలుగా గడ్డం నుంచి మెడ గుంట దాకా ఉండే దూరం తల ఎత్తులో మూడో వంతు ఉంటుంది అనుకుంటే, మీరు దాన్ని తల ఎత్తులో సగం దాకా, ధైర్యం ఉంటే మూడింట రెండు వంతుల దాకా పెంచండి. భుజాలు కిందికి జారినట్టు వేయాలి, లేకపోతే పొడుగు మెడ గెడకర్రలా కనిపిస్తుంది. ముక్కుని కొంచెం పొడిగించండి, కనురెప్పలు సగం వాల్చండి, పెదాలు మూసి ఉంచండి. కళ్ళు మాత్రం పెద్దవి చేయకండి. పెద్ద కళ్ళ అందం వేరే దారి, అది చూడాలంటే 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలు చూడాలి. రెండు దారులూ కలిపితే ఏదీ నిలబడదు.

చర్మం దగ్గర తొందరపడకండి, ఈ బొమ్మకి ప్రాణం అదే. నలుపు ట్యూబుతో వేసిన నల్లని చర్మం మసి పూసినట్టు చచ్చిపోయి ఉంటుంది. మూడు పాళ్ళు బర్న్‌ట్ అంబర్, ఒక పాలు బర్న్‌ట్ సియెన్నా, చిటికెడు అల్ట్రామెరైన్ కలిపి ముఖం, మెడ మొత్తం ఒకే రంగు పూయండి. ఆరాక నీడ పడే చోట నీలం కొంచెం పెంచి పల్చగా పూయండి. వెలుగు పడే చోట సియెన్నాలో యెల్లో ఆకర్ కలపాలి, తెలుపు కలిపితే పౌడర్ రాసినట్టు అయిపోతుంది. చివర్లో నుదురు మీద, ముక్కు దూలం మీద, కింది పెదవి మీద లేత నీలం మెరుపు ఒక్కో గీత వేస్తే చాలు, చర్మం నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుగా మారుతుంది కాబట్టి ప్రతి రంగునీ ముందు కాగితం మీద వేసి ఆరబెట్టి చూసుకోండి. మన ఎండల్లో పళ్ళెంలోనే రంగు గట్టిపడిపోతుంది, కింద తడిగుడ్డ పరిస్తే కాసేపు ఆగుతుంది.

తర్వాత అలంకరణ. ముఖంలో వెలుగునీడలు ఉంటాయి, చీరలో ఉండకూడదు. చీర మడత పడినా పువ్వు వంగదు, మడత అంచు దగ్గర తెగి పక్క నుంచి మళ్ళీ మొదలవుతుంది, అంతే. ముఖం గుండ్రంగా, బట్ట చదునుగా ఉంటే చూసేవాళ్ళ కన్ను తిన్నగా ముఖం మీదికే పోతుంది. డిజైన్ వంకర పోకుండా ఉండాలంటే చుక్కల ముగ్గులాగ ముందు పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకోండి, ఆ తర్వాతే పువ్వులు. నేను పొందూరు ఖద్దరు చీర పెట్టాను. తెలుపు మీద తెలుపు, సన్నని అంచు, నల్లని మెడ పక్కన అది వెలిగిపోయింది. బార్డర్ల కోసం శ్రీకూర్మం గుడిలో పాత కుడ్యచిత్రాలు చూసి రండి, తీగలు ఎలా అల్లారో అక్కడ తెలుస్తుంది.

నగలకి గోల్డ్ రంగు ట్యూబు వాడొద్దు, ఒక పక్క నుంచి చూస్తే మెరిసి ఇంకో పక్క నుంచి బురదలా కనిపిస్తుంది. యెల్లో ఆకర్‌లో కొంచెం అంబర్ కలిపి నగ ఆకారం వేయండి, దాని మీద పసుపు, ఆపైన లెమన్ ఎల్లో చుక్క. నత్తు, బులాకీ, కంటె, నానుతాడు అన్నీ ఒకే బొమ్మలో వద్దు. నేను మొదటిసారి అమ్మమ్మ బొమ్మ వేసినప్పుడు ఉన్నవన్నీ పెట్టేశాను, నగలే మిగిలాయి, అమ్మమ్మ కనపడలేదు. రెండోసారి నత్తు, కంటె ఉంచి మిగతావి తీసేశాను, అప్పుడు ఆవిడ ముఖం బయటికొచ్చింది.

వెనక భాగం ఒకే రంగు, ముదురు ఎరుపో ఇటుక రంగో, నల్లని చర్మానికి రెండూ బాగుంటాయి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి వార్నిష్ పల్చగా రెండు కోట్లు వేయండి. ఎవరైనా చూసి "ఇంకొంచెం తెల్లగా వేయాల్సింది" అంటారు, తప్పకుండా అంటారు. బొమ్మ పక్కన ఆ మనిషినే నిలబెట్టి చూపించండి. మా అమ్మమ్మ బొమ్మకి నేను అదే చేశాను, ఆవిడ మాత్రం ఏం మాట్లాడకుండా ముందు బొమ్మలో నత్తు తాకింది, తర్వాత తన ముక్కు తడుముకుంది.