ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దలు నిద్రను, తిండిని గాడిలో పెట్టుకోవడం ఎలా?

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు వంటి లక్షణాలున్న మెదడు ఎదుగుదల సమస్య) ఉన్న పెద్దల్లో చాలామందికి పొద్దుపోయేదాకా నిద్ర పట్టదు. నిద్ర చాలకపోతే మరునాడు ఏకాగ్రత ఇంకా తగ్గి, చిరుతిళ్ల మీదికి మనసు పోతుంది కాబట్టి, మార్పును నిద్రతోనే మొదలుపెట్టడం మేలు. పడుకునే వేళకన్నా ముందు లేచే వేళను ఖాయం చేసుకోండి; సెలవు రోజున కూడా అదే వేళకు లేచి కాసేపు వెలుతురులో నడవండి. ఫోన్‌ను మంచం దిగితే తప్ప చేతికి అందనిచోట ఛార్జింగ్‌కు పెట్టి, అలారం అందులోనే పెట్టుకోండి.

ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు వాడేవారికి పగలు ఆకలి మందగించి, మందు ప్రభావం దిగిపోయే సాయంత్రానికి ఒక్కసారిగా పెరగవచ్చు. అందుకే ఉదయం మాత్రకు ముందే కడుపునిండా తిని, మధ్యాహ్నం ఆకలి లేకపోయినా వేళకు కొద్దిగానైనా తినాలి. ఈ మందులు రక్తపోటును, గుండె వేగాన్ని కొంత పెంచగలవు గనుక వాటిని క్రమం తప్పకుండా పరీక్షించుకోండి. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామాన్ని చిన్న విడతలుగా చేసినా చాలు.