పాత కారు బ్రేక్ కీచుమన్నా, పట్టేసినా ముందు ఏం చూడాలి

బ్రేక్ దగ్గర సౌండ్ వస్తే చాలామంది చేసే మొదటి పని ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని రెండు పక్కలా నొక్కి ఆపే ముక్కలు) మార్చెయ్యడం, కొన్నాళ్ళకి మళ్ళీ అదే సౌండ్ వస్తే ఈసారి కాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీదకి నొక్కే భాగం) మార్చెయ్యడం. డబ్బులు పోతాయి, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పార్ట్ కొనేముందు సౌండ్ ఎప్పుడొస్తోంది, ఏ చక్రం దగ్గర వస్తోంది అనేది తేల్చుకోండి.

పాటలు ఆపేసి, అద్దాలు దించి, పక్కన గోడ ఉన్న చోట నెమ్మదిగా నడపండి, గోడకి తగిలి సౌండ్ క్లియర్‌గా వినిపిస్తుంది. బ్రేక్ వెయ్యనప్పుడు కీచుమంటూ, పెడల్ మీద కాలు పెట్టగానే ఆగిపోతోందా? చాలా ప్యాడ్లకి ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది, మెటీరియల్ అరిగి 2-3 మిల్లీమీటర్లకి వచ్చాక అది డిస్క్‌కి రాసుకుని అరుస్తుంది, అంటే ప్యాడ్ల టైమ్ అయిపోయినట్టే. కీచు కాకుండా గర్ర్ మని గీస్తుంటే మెటీరియల్ పూర్తిగా పోయి ఇనుము ఇనుముని కోస్తోంది, ఇక ఆ బండి నడపొద్దు. పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి మాత్రమే వచ్చి పోతే డిస్క్ మీద పట్టిన తుప్పు, దాని గురించి వదిలెయ్యండి. మెల్లగా బ్రేక్ వేసినప్పుడే సన్నగా కూస్తోంది, ప్యాడ్లు చూస్తే బాగానే ఉన్నాయి అంటే అది వైబ్రేషన్: ప్యాడ్ వెనకాల ఉండాల్సిన షిమ్ (పల్చటి రేకు) లేకపోవడం, క్లిప్పులు వదులవ్వడం, ప్యాడ్ మొహం గాజులా నున్నగా అయిపోవడం లాంటివి. బ్రేక్‌తో సంబంధం లేకుండా గీస్తూనే ఉంటే డిస్క్ వెనక ఉండే రేకు వంగిందేమో, మధ్యలో రాయి ఇరుక్కుందేమో చూడండి. మలుపుల్లో గొంతు మారే హోరు అయితే అది బేరింగ్ అయ్యే ఛాన్స్ ఎక్కువ, బ్రేకుల్ని తిట్టుకోవద్దు.

ఇంక బ్రేక్ పట్టేయడం. న్యూట్రల్‌లో పెడితే బండి దొర్లదు, మైలేజ్ పడిపోతుంది, ఒక పక్కకి లాగుతుంది, మాడిన వాసన. పది నిమిషాలు వీలైనంత తక్కువ బ్రేక్ వాడుతూ నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి (డిస్క్‌ని ముట్టుకోవద్దు, చర్మం ఊడొస్తుంది), ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. ఎడమ కుడి పోల్చాలి, ముందుది వెనకదానితో కాదు. ఒక్కటే కాలుతుంటే ఆ చక్రం దగ్గరే ఏదో ఉంది. వెనక రెండూ కాలుతుంటే హ్యాండ్ బ్రేక్. ముందు రెండూ, లేదా నాలుగూ, లేదా ముందు ఎడమ వెనక కుడి ఇలా ఐమూలగా కాలుతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం) వైపు చూడాలి, ఎందుకంటే చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో బ్రేక్ లైన్లు అలా ఐమూలగానే విడదీసి ఉంటాయి.

ఇప్పుడు అసలైన టెస్ట్. బండి పట్టేసి ఉన్నప్పుడే, చల్లారకముందే చెయ్యాలి. మిగతా చక్రాలకి అడ్డం పెట్టి, జాకీ లేపి, కింద స్టాండ్ పెట్టండి, ఒట్టి జాకీ మీద నమ్మకంతో చెయ్యి పెట్టొద్దు. చక్రం తిప్పితే బిగుసుకుని ఉంటుంది కదా, బ్లీడింగ్ నిపుల్‌కి (కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటకి వదిలే చిన్న స్క్రూ) ట్యూబ్ తగిలించి రింగ్ స్పానర్‌తో అర చుట్టు వదులు చెయ్యండి (పాత బండ్లలో నిపుల్ విరిగిపోతుంటుంది, తుప్పు వదిలే స్ప్రే ముందే కొట్టి పెట్టుకోండి). ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిపోయిందంటే లోపల ప్రెజర్ ఇరుక్కుపోయింది, కాలిపర్ తప్పు కాదు. ఫ్రీ కాలేదంటే కాలిపర్‌లో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ గానీ, కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడింగ్ పిన్నులు గానీ తుప్పు పట్టి జామ్ అయ్యాయి. ఈ ఒక్క టెస్ట్ చెయ్యకుండా కాలిపర్లు మార్చేవాళ్ళే ఎక్కువ.

ప్రెజర్ ఇరుక్కుంటే అది కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బర్ హోస్ లోనా, పైన మాస్టర్ సిలిండర్ లోనా? నిపుల్ బిగించి, పెడల్ తొక్కి మళ్ళీ పట్టేలా చేసి, ఈసారి ఇనుప పైపు హోస్‌కి కలిసే చోట నట్ కొంచెం వదులు చెయ్యండి. చక్రం ఫ్రీ అయితే తేడా పైన ఉంది. అవ్వలేదంటే హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయింది, కాలి బలానికి ఆయిల్ కిందకి వెళ్తోంది కానీ వెనక్కి రావట్లేదు. బయటకి హోస్ కొత్తదాన్లా కనిపించినా సరే, దాన్ని నమ్మొద్దు.

తేడా పైనుంటే, మాస్టర్‌ని బూస్టర్‌కి (కాలి బలాన్ని పెంచే గుండ్రటి డబ్బా) పట్టి ఉంచే రెండు నట్లు వదులు చేసి కొద్ది మిల్లీమీటర్లు ముందుకి జరపండి. చక్రాలు వదిలేస్తే మాస్టర్‌ని నెట్టే పుష్ రాడ్‌కి ఫ్రీ ప్లే (ఉండాల్సిన కొద్దిపాటి ఖాళీ) లేదన్నమాట, లేదా బ్రేక్ లైట్ స్విచ్ పెడల్‌ని పూర్తిగా పైకి రానివ్వట్లేదు. అయినా వదలకపోతే సిలిండర్ లోపల ఆయిల్ వెనక్కి వచ్చే సన్నటి రంధ్రం మూసుకుపోయింది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కేకొద్దీ పట్టేస్తుంటే ఎక్కువగా ఇదే. ఎవరైనా పొరపాటున బ్రేక్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ పోసినా రబ్బర్లన్నీ ఉబ్బుతాయి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత కింద రబ్బర్ సాగి మెత్తబడి ఉంటే అనుమానించండి, అప్పుడు రబ్బర్ ఉన్న ప్రతి పార్టూ మార్చాల్సిందే.

నిపుల్ విప్పినా చక్రం ఫ్రీ కాకపోతే స్లైడింగ్ పిన్నులు చూడండి, అవి చేత్తో లోపలికీ బయటికీ సాఫీగా జరగాలి. ఒక ప్యాడ్ బాగా అరిగి ఇంకోటి అలాగే ఉన్నా, ఏటవాలుగా అరిగినా పిన్నుల్ని, పిస్టన్‌ని రెండింటినీ చూడండి. శుభ్రం చేసి బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజే రాయాలి, మామూలు గ్రీజు రబ్బర్‌ని ఉబ్బిస్తుంది. పిస్టన్ మీది బూట్ (రబ్బర్ తొడుగు) చిరిగి తుప్పు కనిపిస్తే గ్రీజులతో పని జరగదు, రిపేర్ కిట్టో కొత్త కాలిపరో వెయ్యాలి. కాలిపర్‌ని హోస్ మీద వేలాడదీయకండి, తీగతో కట్టండి.

వెనక చక్రాలైతే హ్యాండ్ బ్రేక్ కేబుల్ అడ్జస్టర్ వదులు చేసి చూడండి, ఫ్రీ అయితే కేబుల్ లోపల తుప్పు లేదా ఎవరో మరీ బిగించేశారు. ఫ్రీ అవ్వకపోతే డ్రమ్ విప్పి, షూస్‌ని (డ్రమ్‌ని లోపలినుంచి నొక్కి ఆపే ముక్కలు) వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగులు సాగాయా, షూస్‌ని నెట్టే వీల్ సిలిండర్ కారుతోందా చూడాలి. డ్రమ్ లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, పాత షూస్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

నిపుల్ గానీ పైపు నట్ గానీ విప్పారంటే బ్రేక్ లైన్లలో చేరిన గాలి తీయాల్సిందే, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసిన గ్రేడ్ ఆయిలే పొయ్యండి, పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి. పిస్టన్ వెనక్కి నెట్టాక మొదటి కొన్నిసార్లు పెడల్ నేలదాకా వెళ్ళిపోతుంది, అది గట్టిపడేదాకా తొక్కకుండా మాత్రం గేర్ వెయ్యొద్దు.