విద్యార్థి నాటకానికి స్టేజ్ మేనేజర్ ప్రతి: రాయడం, నడపడం

విద్యార్థులే నడుపుకునే విశ్వవిద్యాలయ నాటక బృందానికి నటుల కొరత ఉండదు, ఉత్సాహానికీ లోటుండదు. కరువల్లా హాలుకే. ప్రదర్శనకు మూడు నాలుగు రోజుల ముందుగానీ వేదిక చేతికి రాదు. లైటు ఎక్కడ మారాలి, తలుపు చప్పుడు ఏ మాట మీద రావాలి అనే చర్చ అప్పుడు మొదలుపెడితే మొదటి ప్రదర్శనే రిహార్సల్ అయిపోతుంది. ఆ నిర్ణయాలన్నీ హాలు రాకముందే కాగితం మీదికి ఎక్కాలి. ఆ కాగితాల కట్టే స్టేజ్ మేనేజర్ ప్రతి. దాన్ని రాసే మనిషిని స్క్రిప్టు మొదటిసారి చదివే రోజుకల్లా ఎంచుకోండి. వేషం వేసేవాళ్లకు మాత్రం ఈ పని అప్పగించకండి.

స్క్రిప్టును ఎ4 కాగితం మీద ఒకవైపే ముద్రించి రింగుల ఫైల్లో పెట్టండి. ఫైలు తెరిస్తే కుడి పక్క సంభాషణలు ఉంటాయి, ఎడమ పక్క ముందు కాగితపు వీపు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో వేదిక పటం చిన్నగా గీసి, నటుల కదలికలు బాణాలతో గుర్తించండి. ఏ మాట దగ్గర కదలాలో ఆ మాట మీద ఒక అంకె వేసి, అదే అంకె బాణం పక్కన వేస్తే చాలు. అన్నీ పెన్సిల్‌తోనే రాయాలి, ఎందుకంటే రేపు మారుతుంది, ఎల్లుండి మళ్లీ మారుతుంది. కుడి, ఎడమ అంటే ప్రేక్షకులకేసి నిలబడ్డ నటుడి కుడి, ఎడమ. ఈ సంగతి లైట్ల జట్టుకు మొదటి వారంలోనే గట్టిగా చెప్పండి. వాళ్లు కూర్చునేది హాలు వెనక కాబట్టి తిరగేసి రాసుకునేది ఎక్కువగా వాళ్లే.

తర్వాత రిహార్సల్ గది నేల మీద సెట్ కొలతలు వేయాలి. చాలా బృందాలు దీన్ని వదిలేస్తాయి, హాలుకు వెళ్లాక ఏడుస్తాయి. వేదిక మధ్యగీత ఒకటి, ముందు అంచు గీత ఒకటి నేల మీద టేపుతో వేయండి. ఆ ముందు గీత మీద రెండు స్థిర బిందువులు ఎంచుకోండి. సెట్‌లోని ఒక్కో మూలకూ ఆ రెండు బిందువుల నుంచి దూరాలు పటంలో కొలిచి, నేల మీద రెండు కొలత టేపులు పరవండి. అవి కలిసే చోటే మూల. ఒక్క కొలతతో మూల ఎప్పుడూ కచ్చితంగా కుదరదు. గుమ్మాల వెడల్పు, అరుగు అంచులు, మెట్లు తప్పకుండా గుర్తించండి. ఒకటికి మించి సెట్లుంటే ఒక్కోదానికి ఒక్కో రంగు టేపు వాడండి. నాలుగు అడుగుల్లో గుమ్మం చేరడానికి అలవాటుపడ్డ నటికి అసలు వేదిక మీద ఏడు అడుగులు పడితే సంభాషణ ముందే అయిపోతుంది, ఆమె మాటను పట్టుకుని రావాల్సిన లైటూ తప్పుతుంది.

ఇక క్యూలు, అంటే లైటో శబ్దమో మారాల్సిన చోట ఇచ్చే సంకేతాలు. లైట్లకు అంకెలు, శబ్దాలకు అక్షరాలు ఇవ్వండి: లైట్ 14, సౌండ్ డి. అప్పుడు హెడ్‌సెట్‌లో సగం వినపడినా ఏది ఎవరిదో పోల్చుకోవచ్చు. తర్వాత 12కీ 13కీ మధ్య కొత్తది వస్తే అది 12.5 అవుతుంది. దానికోసం మొత్తం అంకెలు మార్చారంటే లైట్లు నడిపే బోర్డులో ఒకటి, కాగితంలో ఇంకొకటి మిగులుతుంది. క్యూను సంభాషణ వరుస పక్కన ఉజ్జాయింపుగా రాస్తే పనికిరాదు. కచ్చితంగా ఏ మాట మీదో, ఏ కదలిక మీదో అక్కడికి స్కేలుతో గీత లాగాలి. లైటు ఆరడానికి 6 సెకన్లు పడుతూ, అది చివరి మాటతో ముగియాలంటే క్యూ ఆ మాటకు 6 సెకన్ల ముందు పడాలి. ఆ సంగతి చూసుకోకుండా చివరి మాట మీదే క్యూ రాస్తే నటుడు చీకటికోసం ఎదురుచూస్తూ నిలబడతాడు.

క్యూకు అర పేజీ ముందు ‘రెడీ’ గుర్తు పెట్టండి. స్టేజ్ మేనేజర్ హెడ్‌సెట్‌లో పిలిచే పద్ధతి ఇది: “లైట్ 14, సౌండ్ డి, రెడీ.” ఆపరేటర్లు “లైట్ రెడీ”, “సౌండ్ రెడీ” అని బదులివ్వాలి. సమయం రాగానే “లైట్ 14, గో.” ‘గో’ ఎప్పుడూ చివరనే రావాలి, ఎందుకంటే ఆ మాట చెవిన పడగానే వేలు నొక్కేస్తుంది. అందుకే హెడ్‌సెట్‌లో ఇంకే సందర్భంలోనూ ఎవరూ ‘గో’ అనకూడదు.

హాలుకు వెళ్లేముందు దర్శకుడు, లైట్లు, సౌండ్, స్టేజ్ మేనేజర్ ఒక బల్ల చుట్టూ కూర్చుని ప్రతిని మొదటి పేజీ నుంచి చివరిదాకా క్యూలవారీగా చదవండి. రెండు మూడు గంటల పని. వేదిక మీద పడే సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి.

హాలు వచ్చిన మొదటి రోజు లైట్లది. తగిలించిన ప్రతి లైటుకూ బిగింపుతోపాటు విడిగా సేఫ్టీ కేబుల్ ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. 1000 వాట్ల లైటు 230 వోల్టుల దగ్గర దాదాపు 4.3 యాంపియర్లు లాగుతుంది. 10 యాంపియర్ల సర్క్యూట్ మీద అవి రెండే, మూడోది పెడితే ట్రిప్ అవుతుంది. ఎల్‌ఈడీ లైట్లయితే డీఎంఎక్స్ (బోర్డు నుంచి లైట్లకు ఆదేశాలు పంపే పద్ధతి) అడ్రసులు, అంటే ఒక్కో లైటు ఏ చానల్ నుంచి మొదలవుతుందో ఆ అంకెలు, చూసుకోవాలి. ఒక్కోటి 7 చానళ్లు తీసుకుంటే మొదటిది 1, తర్వాతవి 8, 15. ఒక లైనుకు 512 చానళ్లే. లైట్లు వాటంతట అవే మిణుకుమంటుంటే మూడు చూడండి: అడ్రసులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయా, డీఎంఎక్స్ కేబుల్ బదులు మైకు కేబుల్ వాడారా, లైను చివర 120 ఓమ్‌ల టర్మినేటర్ (లైనును ముగించే రెసిస్టర్) ఉందా.

ముఖం మీద పడే లైటు పైనుంచి సుమారు 45 డిగ్రీల్లో, రెండు పక్కలనుంచీ రావాలి. మరీ పైనుంచి పడితే కళ్లు గుంటలైపోతాయి, మరీ కిందనుంచి పడితే వెనక గోడ మీద నీడలు నడుస్తాయి. ఒకరిని వేదిక మీద ఈ చివరనుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిపించండి. ముఖం ఎక్కడ మసకబారితే అక్కడ రెండు లైట్ల మధ్య ఖాళీ ఉన్నట్టే.

రెండో రోజు క్యూ నుంచి క్యూకు. ఆ రోజు హాలు పగ్గాలు స్టేజ్ మేనేజర్‌వి, దర్శకుడివి కావు. క్యూకు నాలుగైదు వాక్యాల ముందు మొదలుపెట్టి, క్యూ పూర్తయ్యాక ఆపి, తర్వాతి క్యూ దగ్గరికి దూకండి. తప్పితే అక్కడే మళ్లీ చేయాలి, ‘తర్వాత చూద్దాం’ అనేది ఉండదు. 60 క్యూల నాటకానికి ఒక్కోటి నాలుగు నిమిషాలు వేసుకున్నా నాలుగు గంటలు. నటన గురించి దర్శకుడి సూచనలకు ఆ రోజు చోటు లేదు. నటులు వేషధారణలోనే రావాలి, ఎందుకంటే తెల్ల చొక్కా మీద పడ్డ లైటు వేరు, నల్ల కోటు మీద వేరు.

ప్రాపర్టీల (నటులు వేదిక మీద వాడే వస్తువుల) బల్ల రెండు వింగ్స్‌లోనూ, అంటే వేదికకు రెండు పక్కలా ఉండే మరుగుల్లోనూ, ఉండాలి. బల్ల మీద కాగితం పరిచి, ఒక్కో వస్తువు చుట్టూ గీత గీసి పేరు రాయండి. ఖాళీ గడి కనపడిందంటే ఏదో పోయిందని ఒక్క చూపులో తెలిసిపోతుంది. చీకట్లో తగిలే అంచులకూ మెట్లకూ చీకట్లో వెలిగే టేపు అంటించండి. బయటికి వెళ్లే తలుపుల గడియలు తీసి ఉన్నాయో లేదో ప్రదర్శనకు ముందు స్టేజ్ మేనేజరే స్వయంగా నెట్టి చూడాలి.

నటులను పిలవడానికి బ్రిటిష్ రంగస్థల పద్ధతి బాగా పనిచేస్తుంది: తెర లేవడానికి 35, 20, 10, 5 నిమిషాల ముందు పిలుపులు. మొదటి ప్రవేశంవాళ్లు 5 నిమిషాల ముందే వింగ్స్‌లో ఉండాలి కాబట్టి ‘అరగంట’ పిలుపు 35 దగ్గర వస్తుంది. విన్నవాళ్లు బదులు పలకాలి, పలకకపోతే విననట్టే లెక్క.

ప్రతి ప్రదర్శనకూ రిపోర్టు రాయండి: తెర లేచిన సమయం, విరామం, ముగింపు, తప్పిన క్యూలు, విరిగిన వస్తువులు. మూడో రోజుకు నాటకం ఐదు నిమిషాలు పెరిగిందంటే నటులు నవ్వులకోసం ఆగడం మొదలుపెట్టారేమో దర్శకుడు చూసుకోవాలి.

సెట్ విప్పిన వారంలోగా ప్రతినీ, నేల పటాన్నీ, ఏ సాకెట్ ఎన్ని లైట్లకు ట్రిప్ అయిందో రాసిన కాగితాన్నీ స్కాన్ చేసి వచ్చే ఏడాది బృందానికి అందేలా పెట్టండి. వాటిని రాసినవాళ్లు అప్పటికి డిగ్రీ పూర్తిచేసుకుని వెళ్లిపోతారు. పెన్సిల్ రాతలు మసకగా వస్తాయి కాబట్టి కాంట్రాస్ట్ పెంచి స్కాన్ చేయండి, ఎడమ పేజీలు కూడా వచ్చాయో లేదో లెక్కపెట్టుకోండి.